ఉప్పు, ఎండ, చలి: ఇంట మాంసము నిలువజేయు విధము

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై నిలిచి చదువును గూర్చియో, క్రమశిక్షణను గూర్చియో, మాతృభాషను గూర్చియో నాలుగు మాటలు చెప్పుట మాకు వాడుక. ఈ యేడు మాత్రము వంటింటిని గూర్చి చెప్పదలచితిమి. ప్రధానోపాధ్యాయునకు వంటింటితో పని యేమని కొందరు నవ్వవచ్చును. కాని ఈ ప్రసంగమునకు కారణమైనవారు మన పాఠశాల పిల్లలే.

ఎనిమిదవ తరగతిలో సూక్ష్మజీవుల పాఠము చెప్పుచు, "ఆహారము ఎందువలన చెడును?" అని ఒకనాడు అడిగితిమి. ఒక బాలుడు లేచి, "ఫ్రిజ్జులో పెట్టకపోతే చెడుతుంది సార్" అనెను. తరగతి అంతయు ఔననెను. "పెట్టినచో చెడదా?" అని మరల అడిగితిమి. "చెడదు సార్. మా ఇంట్లో దీపావళికి చేసిన ఉప్పుకండం పొంగలు దాకా ఫ్రిజ్జులోనే ఉంటుంది" అని ఒక బాలిక చెప్పెను. ఆ మాట విన్నంతనే మాకు మా గృహమున జరిగిన యొక సంగతి జ్ఞప్తికి వచ్చి, కొంతసేపు పాఠము సాగలేదు. ఆ సంగతిని, దానివలన మేము నేర్చుకొన్న దానిని నేడు మీ ముందుంచుచున్నాము. శాకాహారులైన సోదరులు మన్నింతురు గాక. వారి యింటి వరుగులకును, వడియములకును, ఊరగాయలకును ఈ న్యాయములలో పెక్కులు వర్తించును.

ఉప్పుకండము అననేమో రాజపాళయములో ఎవరికిని చెప్ప నక్కరలేదు. ఐనను నేటి పిల్లలలో తిన్నవారే గాని చేయుట చూచినవారు తక్కువ. అందుచేత సంగ్రహముగా చెప్పెదము. మేకమాంసమును ఎముక, కొవ్వు తీసి పొడవైన ముక్కలుగా కోయుదురు. ఉప్పు, పసుపు, మిరపపొడి, వెల్లుల్లి నూరి పట్టింతురు. ఒక రాత్రి ఊరనిచ్చి, మరునాడు సూదితో దారమునకు గ్రుచ్చి, మేడపై తోరణము వలె ఎండలో కట్టుదురు. ఈగలు వ్రాలకుండ, కాకులు తన్నుకొని పోకుండ పలుచని గుడ్డ కప్పుదురు. మన పొరుగున ఛత్రపట్టిలో నేయు కట్టుబట్ట ఈ పనికి మిక్కిలి అనుకూలము. పిమ్మట జాడీలో దాచి, కావలసినప్పుడు నాలుగు ముక్కలు తీసి, రాతిపై నలుగగొట్టి, నూనెలో వేయించుదురు.

ఇది మన యొక్క ఊరి సొత్తు మాత్రమే కాదు. ఉప్పుకండము అను పేరు తమిళులకును మనకును ఉమ్మడి. తెలంగాణమున ఎండబెట్టిన మాంసమును తునకలు అందురు. హైదరాబాదులో బక్రీదు దినములలో మేడలపై మాంసపు ముక్కలు దండలుగా ఎండుచుండును. సముద్రతీరమున మాంసమునకు మారుగా చేప. పాశ్చాత్య దేశములలో ఎండ చాలదు గనుక ఉప్పుతో పాటు పొగను, చలిని ఆశ్రయించి హామ్, బేకన్, సలామీ, సాసేజి మున్నగు వానిని చేసికొనిరి. చెన్నై, బెంగళూరు నగరములలో కొలువు చేయుచున్న మన బిడ్డలు వీనిని పొట్లములుగా కొని తెచ్చి మన ఫ్రిజ్జులలో పెట్టుచున్నారు. కాబట్టి ఉప్పుకండమును గూర్చి చెప్పునది కొంతవరకు వానికిని చెల్లును.

ఇక మా యింటి సంగతి. మా తల్లిగారు జీవించియున్నంత కాలము ఉప్పుకండము ఆమె చేతి పని. మాసి మొదలు చిత్తిరై వరకు, అనగా వాన లేని మాసములలోనే ఆమె దానిని చేసెడిది. ఎన్ని దినములు ఎండవలెనని అడిగిన, "అది చెప్పినప్పుడు" అనెడిది. ముక్కను రాతిపై కొట్టిన కట్టెపుల్ల వలె మ్రోగవలెను. విరిచిన విరుగవలెను గాని వంగరాదు. ఉప్పు కొలత ఆమె గుప్పిట నుండెను. ఆ గుప్పిట ఎంతయో మేము ఏనాడును తూచి చూడలేదు. ఇది మా మొదటి తప్పు.

ఆమె గతించిన రెండేండ్లకు, 2012లో, దీపావళి నవంబరు నడుమ వచ్చెను. పండుగకు కొన్న మాంసము మిగిలినది. తల్లిగారి జ్ఞాపకార్థము ఉప్పుకండము చేయుదమని మేమును మా యింటివారును తలచితిమి. మాకు రక్తపుపోటు కనబడిన సంవత్సరము గనుక ఉప్పు సగము చాలునంటిమి. ఐప్పసి మాసపు వాన. ఒకటిన్నర దినము మాత్రమే ఎండ కాచినది. మిగిలిన తడిని ఫ్రిజ్జు చూచుకొనునని ప్లాస్టిక్ సంచిలో పోసి లోన పెట్టితిమి. ఆ యేడు కరెంటు కోతలు ఎంత దీర్ఘముగా నుండెడివో మీలో పెద్దలకు జ్ఞాపకముండును. దినములో సగముసేపు ఫ్రిజ్జు ఉత్త బీరువా వలె నుండెను.

పది దినముల పిమ్మట ఒక ఆదివారము మధ్యాహ్నము ఆ ముక్కలను ఎఱ్ఱగా వేయించి అందరమును తింటిమి. వాసనలో గాని రుచిలో గాని దోషము కనబడలేదు. మూడు గంటలు గడువక మునుపే పిల్లలిద్దరికిని వాంతులు పట్టుకొన్నవి. పెద్దవాడు సాయంకాలమునకు తేరుకొనెను. ఎనిమిదేండ్ల చిన్నపిల్ల మాత్రము కన్నులు లోతుకు పోయి, పిలిచిన పలుకలేని స్థితికి వచ్చినది. ఆ రాత్రి యంతయు ఆసుపత్రిలో సెలైను ఎక్కుచుండగా మేము ప్రక్కన కూర్చుండి గడిపితిమి. తెల్లవారుజామున అది నీళ్లడిగినది. ఆ మాట విన్నప్పటి సంతోషమును నేటికిని మరువలేము.

వైద్యుని మేము అడిగిన ప్రశ్న ఒక్కటే. "బాగుగ వేయించితిమి గదా, క్రిములు చావలేదా?" ఆయన లక్షణములను బట్టి విచారించి ఇట్లు చెప్పెను: "క్రిములు చచ్చియుండును. అవి చచ్చుటకు ముందు వదలిన విషము చావలేదు."

మరునాడు చూడవచ్చిన మా పెద్దమ్మ సంచిలో మిగిలిన ముక్కనొకదానిని తీసి విరిచి చూచినది. అది వంగినదే గాని విరుగలేదు. "ఇది ఉప్పుకండం కాదురా నాయనా, ఉప్పు రాసిన పచ్చిమాంసం" అని అవతల పారవేసినది. వైద్యుడును పెద్దమ్మయు చెప్పినది ఒకటే సంగతి. ఒకరిది శాస్త్రభాష, మరియొకరిది వంటింటి భాష.

ఆ సంగతి యేమో చూతము. మాంసమును చెరచునవి సూక్ష్మజీవులు. వానికి బ్రతుకుటకు నీరు కావలెను. ఉప్పు చేయు పని మాంసములోని నీటిని వానికి అందకుండ కట్టివేయుట. ఎండ చేయు పని ఆ నీటిని వెలికి తీసివేయుట. రెండును కలిసి పనిచేసిననే నిలువ. శాస్త్రజ్ఞులు దీనికి ఒక కొలమానము పెట్టినారు. శుద్ధజలమును 1 అనుకొన్నచో, పచ్చిమాంసమున క్రిములకు అందు నీరు సుమారు 0.99. ఆ లెక్క 0.85 కంటె దిగువకు వచ్చినచో రోగకారకములైన క్రిములు దాదాపు ఏవియు పెరుగలేవు. బూజు మాత్రము 0.7 ప్రాంతము వరకును పెరుగగలదు. ముక్క కట్టెపుల్ల వలె మ్రోగవలెనని మా తల్లిగారు చెప్పినది ఈ లెక్కనే. కొలమానము లేక చెవితో కొలిచినది.

సగము ఉప్పు, సగము ఎండ అయినచో ఏమగును? ఇక్కడనే మోసమున్నది. మన చర్మముపైనను ముక్కులోను సహజముగా నివసించు స్టెఫిలోకాకస్ అను క్రిమి కలదు. తక్కిన క్రిములకు గిట్టని ఉప్పు దీనికి గిట్టును. నూటికి పది పాళ్లు ఉప్పున్నను ఇది పెరుగగలదు. కొద్దిపాటి ఉప్పు వేసినప్పుడు మాంసమును కుళ్లజేసి దుర్వాసన పుట్టించు క్రిములు అణగిపోవును. ఇది మాత్రము పోటీ లేక వర్ధిల్లును. అందుచేతనే వాసన రాలేదు. చలి బాగుగ నున్నచో ఇది విషము విడువజాలదు. కరెంటు లేని గంటలలో మా ఫ్రిజ్జు ఆ చలిని కోల్పోయినది. విషము ఒకమారు పుట్టిన తర్వాత మరగబెట్టినను, వేయించినను పోదు.

మేము ప్రయోగశాలలో పరీక్ష చేయించలేదు. వైద్యుని మాటను, పిమ్మట మేము చదివి తెలిసికొన్న దానిని కలిపి చెప్పుచున్నాము. మా తప్పు మాత్రము స్పష్టము. ఉప్పును తగ్గించితిమి, ఎండను తగ్గించితిమి, తగ్గించిన భారమంతయు ఫ్రిజ్జుపై మోపితిమి. ఆ భారము మోయగల శక్తి దానికి కలదా యని విచారింపలేదు.

ఫ్రిజ్జు శక్తి ఎంతయో తెలిసికొనుట అవసరము. చలి మన తాతలకు అందని వస్తువు. 1842 ప్రాంతమున మదరాసు సముద్రపుటొడ్డున, అమెరికానుండి ఓడలలో వచ్చిన మంచుగడ్డలను దాచుటకు ఐస్ హౌస్ అను కట్టడమును కట్టిరి. 1897లో స్వామి వివేకానందులు బస చేసిన భవనము అదియే. నేడు వివేకానందర్ ఇల్లముగా దానిని చూడవచ్చును. నాడు సముద్రములు దాటి వచ్చిన చలి నేడు మన వంటింటి మూల నున్నది. సులభముగా దొరకిన దానిని గూర్చి మనము ఎక్కువ విచారింపము. విచారింపవలసినది రెండు అరలను గూర్చి.

మొదటిది క్రింది అర. ఇది 4 డిగ్రీల సెంటిగ్రేడు లేక అంతకు తక్కువ ఉండవలెను. అంత చలిలోను క్రిములు చావవు, నెమ్మదించును. 5 డిగ్రీలనుండి 60 డిగ్రీల వరకు గల వేడిమి వానికి అనుకూలము. మన ఫ్రిజ్జులు నిజముగా 4 డిగ్రీలలో ఉన్నవా? ఒక థర్మామీటరును నీటి గ్లాసులో నుంచి, రాత్రి లోన పెట్టి, ఉదయము చూచిన తెలియును. మా ఫ్రిజ్జు 9 చూపినది. వేడి గిన్నెలు లోన పెట్టుట, తలుపు మాటిమాటికి తెరచుట, సామానులు కిక్కిరియ నింపుట, తలుపు అంచు రబ్బరు చీలిపోవుట, ఇవి కారణములు. తలుపు లోపలి అరలు అన్నిటికంటె వెచ్చన. మాంసమును అచ్చట పెట్టరాదు.

ఫ్రిజ్జు చలిలోను పెరుగు క్రిమి యొకటి కలదు. దాని పేరు లిస్టీరియా. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు అది ప్రాణాంతకము. దక్షిణాఫ్రికాలో 2017, 2018 సంవత్సరములలో ఈ వ్యాధి వ్యాపించి వేయిమందికి పైగా రోగులైరి. రెండువందలమందికి పైగా మరణించిరి. మృతులలో పసికందులు పెక్కుమంది. విచారణలో దానికి మూలము పోలోనీ అను చౌకరకము సిద్ధమాంసమని తేలినది. మన తెలుగువారి పూర్వులు కూలికై వెళ్లి స్థిరపడిన దేశమది. వార్తను పరాయి దేశపు వార్తగా చదువలేకపోతిమి. కావున హామ్, సలామీ వంటి వానిని గర్భిణులు తినదలచినచో లోపల 74 డిగ్రీల వరకు, అనగా ఆవిరి చిమ్మునంతగా, కాచియే తినవలెను.

అట్టి సిద్ధమాంసపు పొట్లమును తెరువకున్న ఫ్రిజ్జులో రెండు వారములు, అదియు పైన వేసిన గడువు తేదీకి లోబడియే ఉంచవచ్చును. తెరచిన పిమ్మట మూడు మొదలు ఐదు దినములు మాత్రమే. బేకన్ ఒక వారము. ముద్రించిన గడువు తేదీ తెరువని పొట్లమునకే గాని తెరచినదానికి గాదని పలువురు ఎరుగరు.

రెండవది పై అర, అనగా ఫ్రీజరు. ఇది సున్నకు దిగువ 18 డిగ్రీలుండవలెను. ఇచ్చట క్రిముల పెరుగుదల పూర్తిగా నిలిచిపోవును. నిలుచునే గాని చావదు. బయటికి తీసి వెచ్చబడగానే ఆపిన చోటనుండియే పని ఆరంభించును. చెడిన మాంసమును ఫ్రీజరులో పెట్టిన అది చెడిన మాంసముగానే నిలువయుండును. ఫ్రీజరు కాలమును ఆపును గాని వెనుకకు త్రిప్పదు.

మరియొక విశేషము. పచ్చిమాంసము ఫ్రీజరులో మాసములకొలది ఉండగలదు. ఉప్పు పట్టించిన మాంసము అంతకాలము ఉండజాలదు. ఇది వినువారికి వింతగా తోచును. ఉప్పు నిలువ కోసమే గదా! కారణమిది. ఐసుక్రీము చేయువాడు మంచులో ఉప్పు కలుపుట మీరు చూచియుందురు. ఉప్పు కలిసిన నీరు సులభముగా గడ్డకట్టదు. అందుచేత ఉప్పుమాంసములో చిన్న చిన్న ఉప్పునీటి చెమ్మలు గడ్డకట్టక మిగిలిపోవును. అంతియే గాక, కొవ్వు గాలితో కలిసి చేదెక్కుటను ఉప్పు త్వరపెట్టును. కావున ఉప్పుకండమైనను, హామ్ అయినను, బేకన్ అయినను ఫ్రీజరులో ఒకటి రెండు మాసములలో ముగించుట మేలు. దాటినచో రోగము రాకపోవచ్చును గాని కారునూనె వాసన వచ్చును. మా తల్లిగారు కొవ్వును గోటితో గిల్లి తీసివేసెడిది. ఎందుకో మాకు ఇప్పుడు తెలిసినది.

ఇప్పుడు ఆచరింపవలసిన విధములు చెప్పెదము.

1. వాన మాసములలో ఉప్పుకండము చేయవలదు. ఐప్పసి, కార్తీక మాసముల తేమలో మాంసము ఎండదు, ఊరును. అప్పటి మాంసమును పచ్చిగానే పొట్లములు కట్టి ఫ్రీజరులో పెట్టి, ఎండ వచ్చినప్పుడు చేసికొనవచ్చును.

2. చేతులు, కత్తి, పలక సబ్బుతో కడిగి పని మొదలుపెట్టవలెను. చేతికి గాయమున్నవారు మాంసమును తాకరాదు. మనము చెప్పిన క్రిమి చేతినుండియే వచ్చును.

3. ఎండబెట్టుటకు మునుపే మాంసమును 71 డిగ్రీల వరకు వేడిచేయుమని అమెరికా ప్రభుత్వ వ్యవసాయశాఖవారు ఇంట ఎండుమాంసము చేయువారికి చెప్పుచున్నారు. ఉప్పు, పసుపులతో ఒకమారు ఆవిరిపై ఉడికించి, ఆరబెట్టి, పిమ్మట ఎండబెట్టుట నేటి గృహములకు క్షేమకరము. రుచి కొంత మారును. ప్రాణము కంటె రుచి ఎక్కువ గాదు.

4. ఉప్పు తగ్గింపదలచినచో ఎండను తగ్గింపరాదు. ఎండ తగ్గినచో దానిని ఉప్పుకండమని పిలువక, పచ్చిమాంసమని తలచి వెంటనే వండుకొనవలెను. రక్తపుపోటు గలవారు వండుటకు ముందు ముక్కలను నీట నానవేసి, ఆ నీరు పారబోసినచో ఉప్పు కొంత దిగును.

5. బాగుగ ఎండి చల్లారిన పిమ్మట, ఒక పూటకు చాలినన్ని ముక్కలు ఒక పొట్లముగా, లోని గాలి పోవునట్లు నొక్కి కట్టవలెను. చిన్న పొట్లములు కట్టుటకు కారణము కలదు. చల్లని పెద్ద సంచిని తెరచినంతనే గాలిలోని తేమ ముక్కలపై మంచుబిందువుల వలె దిగును. ఎండబెట్టి తీసివేసిన నీటిని మరల మనమే పోసినట్లగును.

6. గడ్డకట్టిన దానిని వంటింటి గట్టుపై కరగనీయరాదు. క్రింది అరలో రాత్రి పెట్టి ఉదయము వాడవలెను. వెచ్చబడినదానిని మరల గడ్డకట్టింపరాదు.

7. కరెంటు పోయినప్పుడు తలుపు తెరువరాదు. తెరువకున్నచో క్రింది అర నాలుగు గంటలు, నిండుగానున్న ఫ్రీజరు సుమారు రెండు దినములు, సగము నిండినది ఒక దినము చలిని నిలుపుకొనును. నాలుగు గంటలు దాటిన క్రింది అరలోని సిద్ధమాంసమును, అరకొరగా ఎండిన ముక్కలను పారవేయుటయే మేలు.

8. బూజు పట్టిన ముక్కను గీకి, కడిగి, మరల ఎండబెట్టి వాడరాదు. వాసన మంచిదని నమ్మరాదు. మా సంచిలోనిది మంచి వాసనయే వేసినది.

9. అరకొరగా ఎండిన మాంసమును నూనెలో ముంచి గాలి చొరకుండ మూయరాదు. యంత్రముతో గాలి తీసి మూసినను అంతే. గాలి లేని చోటనే పెరుగు క్రిమి యొకటి కలదు. 1895లో బెల్జియమునందలి ఎల్లెజెల్ అను గ్రామమున, ఒక అంత్యక్రియకు వచ్చిన వాద్యగాండ్రు ఉప్పునీట నుంచిన హామ్ తిని వ్యాధిగ్రస్తులైరి, ముగ్గురు మరణించిరి. వాన్ ఎర్మెంగెమ్ అను శాస్త్రజ్ఞుడు ఆ మాంసమునందే బోటులిజము అను వ్యాధి క్రిమిని కనుగొనెను. ఆ పేరు వచ్చినది సాసేజి అను అర్థము గల లాటిను మాటనుండి.

ఈ బోటులిజము క్రిమికి భయపడియే కర్మాగారములవారు మాంసమున నైట్రైటు అను లవణమును చేర్చుదురు. హామ్ యొక్క గులాబీ రంగు దానివలననే. పూర్వము పెట్లుప్పును ఇందులకు వాడిరి. ఈ లవణములను కొని తెచ్చి ఇంట చిటికెతో కొలిచి వేయవలదని తల్లులను ప్రార్థించుచున్నాము. కొలత మించినచో అది నెత్తురు ప్రాణవాయువును మోయు శక్తిని చెరచును. అది త్రాసు పని గాని చిటికె పని గాదు.

ఇంకొక మాటను దాచరాదు. ఉప్పు, పొగ మొదలగు వానితో నిలువజేసిన మాంసము మానవులలో క్యాన్సరును కలిగించునని 2015 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించెను. దినమునకు 50 గ్రాములు తినుచున్నచో పెద్దప్రేగు క్యాన్సరు భయము నూటికి 18 పాళ్లు హెచ్చునని వారి లెక్క. దినమునకు ఉప్పు 5 గ్రాములకు లోపుగా నుండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మన పెద్దలు ఉప్పుకండమును నిత్యము తినలేదు. రసము అన్నమునకు తోడుగా నాలుగు ముక్కలు, ఎప్పుడైన బంధువులు వచ్చినప్పుడు మరి నాలుగు. ఫ్రిజ్జు నిండుగా నున్నదని పిల్లల డబ్బాలో దినదినము సాసేజి పెట్టుట వారి మార్గము గాదు. ఎండవేళ నాలుగైదు గంటలు సంచిలో నుండు భోజనపు డబ్బాకు అది తగిన పదార్థమును గాదు.

తల్లిదండ్రులారా! పాతదంతయు మంచిదని గాని, క్రొత్తదంతయు చెడ్డదని గాని మేము చెప్పవచ్చుట లేదు. మా తల్లిగారి పద్ధతిలోను లోపములుండియుండును. ఫ్రిజ్జు వలన ఎన్నియో ప్రాణములు నిలిచినవి. మేము తెలిసికొన్నది ఇంతే. పెద్దలు చేసిన యొక పనిలో ఏ భాగమునైనను మనము తీసివేయునప్పుడు, ఆ భాగము చేయుచుండిన పని యేమి, దానిని ఇకపై ఎవరు చేయుదురు అని అడుగవలెను. అడుగుటకు ముందు ఆ పని మనకు తెలిసియుండవలెను. మా యింట అది మా తల్లిగారి గుప్పిటలో నుండి, ఆమెతోనే పోయినది.

అందుచేత ఈ సంవత్సరము మన పిల్లలకు ఒక పని అప్పగించుచున్నాము. ప్రతి బాలుడును, ప్రతి బాలికయు తమ అవ్వనో, అమ్మమ్మనో, నాయనమ్మనో అడిగి, ఇంట నిలువజేయు పదార్థమొకదానిని గూర్చి తెలుగులో వ్రాసికొని రావలెను. ఏ మాసమున చేయుదురు, ఎన్ని ఎండలు, ఎండినదని ఎట్లు తెలియును, ఎంతకాలము ఉండును అని వ్రాయవలెను. ముఖ్యముగా ఆమె గుప్పిటలోని ఉప్పును త్రాసులో వేయించి ఎన్ని గ్రాములో వ్రాయవలెను. శాకాహారుల పిల్లలు మాగాయనో, మజ్జిగ మిరపకాయలనో గూర్చి వ్రాయవచ్చును. విజ్ఞాన ఉపాధ్యాయులు వానిని చదివి, ఏది క్షేమము, ఏది మార్చవలెను అని ప్రక్కన గుర్తింతురు.

మీకును ఒక చిన్న పని. ఫ్రీజరులో పెట్టు ప్రతి పొట్లముపై నేమున్నది, ఏనాడు పెట్టితిమి అను రెండు సంగతులు తెలుగులో వ్రాసి అంటింపుడు. ఆ వ్రాతను మీ పిల్లలచేతనే వ్రాయింపుడు. పరీక్షకు మాత్రమే తెలుగు వ్రాయు బిడ్డ, ఇంటిల్లిపాది ఆరోగ్యమునకై ఒక చీటీ వ్రాసిననాడు, ఆ లిపికి ఇంట నొక ఉద్యోగము దొరకును.

మా చిన్నపిల్ల ఇప్పుడు కళాశాల చదువు ముగించినది. సెలవులకు వచ్చినప్పుడు మా ఫ్రీజరు తెరచి మొదట చూచునది చీటీలనే. తేదీ లేని పొట్లము కనబడినచో మమ్ము అడుగకయే పారవేయును. మేము మాటాడము. ఆ అధికారము ఆమెకు కలదు.